మా కాగితం ఎందాకా వచ్చింది సార్?

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం అసలు పనిలో పావు వంతు. మిగతా ముప్పావు దాని వెంట తిరగడం. మా రోజుల్లో ఈ సంగతి మెట్రిక్ తప్పినవాడికి కూడా తెలుసు. ఇప్పుడు ఎంటెక్‌లు, ఎంబీఏలు చదివిన పిల్లలకి చెబితే నాకేసి జాలిగా చూస్తున్నారు. తిరగడానికి చోటే లేదట. ఎక్కడికి వెళ్ళాలి, ఎవర్ని అడగాలి అంటే వాళ్ళ దగ్గర జవాబు లేదు. పాపం, వాళ్ళ తప్పేముంది? ఉద్యోగాలిస్తామని ప్రకటనలు వేసి, ఆ తర్వాత తలుపులు మూసుకుని కూర్చునే పెద్దమనుషులది తప్పు. నా గొణుగుడంతా వాళ్ళ మీదే.

మా మనవడు ఇంజనీరింగ్ పాసయ్యాడు. ఖాళీగా ఉన్నాడంటే వాడికి కోపం. రోజూ అప్లై చేస్తూనే ఉన్నానంటాడు. నిజమే, మంచం మీద బోర్లా పడుకుని బొటనవేలితో నొక్కుతూనే ఉంటాడు. ఒకరోజు పట్టుబట్టి అడిగాను.

"పోయిన నెల పెట్టిన దాని సంగతేమైంది రా?"

"అండర్ రివ్యూ అని ఉంది తాతా."

"ఎవరు చూస్తున్నరు?"

"తెల్వదు."

"ఎప్పుడు చెప్తరు?"

"సెలెక్ట్ అయితేనే చెప్తరు."

"కాకపోతే?"

"అండర్ రివ్యూ అనే ఉంటది."

నేను సర్కారు నౌకరీ చేసి రిటైరైనవాణ్ణి. ఫైళ్ళు తొక్కిపెట్టడం చూశాను, తొక్కిపెట్టేవాళ్ళ పక్క సీట్లోనే కూర్చున్నాను. అయితే తొక్కిపెట్టిన ఫైలుకైనా ఒక మనిషి ఉండేవాడు. ఫలానా సెక్షను, ఫలానా గుమాస్తా, బీరువాలో పై నుంచి రెండో అర. ఆయన్ని తిట్టుకోవచ్చు, బతిమాలుకోవచ్చు, ఆయన సెలవులో ఉంటే ఎప్పుడొస్తాడో కనుక్కోవచ్చు. ఈ అండర్ రివ్యూ వెనకాల తిట్టుకోవడానికైనా ఎవరూ లేరే!

1970లలో మేము వేటకి దిగినప్పుడు హైదరాబాదులో ఉద్యోగాల వేటంతా కాలినడకన తెమిలేది. వికారాబాద్ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు నాంపల్లి స్టేషనులో ఆగిందంటే అక్కడితో పట్టాలే అయిపోతాయి, ముందుకు పోవడానికి ఉండదు. మాలాంటి జిల్లా కుర్రాళ్ళ ప్రయాణం కూడా అక్కడే ఆగి, అక్కడి నుంచి చెప్పుల మీద మొదలయ్యేది. స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిస్తే అబిడ్స్, జనరల్ పోస్టాఫీసు. ఇంకాస్త ముందుకుపోతే గన్‌ఫౌండ్రీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు. నిజాం కాలంలో, 1941లో పుట్టిన ఆ బ్యాంకులో గుమాస్తా కొలువంటే పిల్లనిచ్చేవాళ్ళు ఇంటిముందు బారులు తీరేవాళ్ళు. 2017 ఏప్రిల్ 1న అది కాస్తా పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. మొజంజాహీ మార్కెట్ వైపు తిరిగితే అంతా సర్కారు. తర్వాత్తర్వాత గృహకల్ప, గగన్‌విహార్, చంద్రవిహార్ అంటూ మేడలు లేచి ఎక్కడెక్కడి ఆఫీసులనో మింగేశాయి. పేరు వేయించుకోవడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి మల్లేపల్లిలో. స్థూలంగా చెప్పాలంటే సర్కారు నౌకరీ కావాలంటే నాంపల్లిలో తిరగాలి, ప్రైవేటు అయితే అబిడ్స్‌లో.

సర్కారు ఆఫీసుకి చేరిన కాగితానికి జాతకం రాసే పద్ధతి ఒకటుండేది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హాం దొర పేరు మీద టాటెన్‌హాం పద్ధతి అంటారు. కాగితం ముందు తపాలు సెక్షన్‌కి వస్తుంది. అక్కడ రబ్బరు స్టాంపు పడుతుంది, ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది, తేదీ పడుతుంది. ఆ తర్వాత ఏ సెక్షనుకి, ఏ సీటుకి వెళ్ళాలో సూపరింటెండెంటు రాస్తాడు. ఏ-2 అనో, బి-4 అనో. ఆ సీటు గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో దాన్ని ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్నాక దాని మీద ఏం జరిగిందో గళ్ళలో రాస్తూ పోవాలి. చివరికి ఏదో ఒకటి తేల్చి మూసెయ్యాలి. మూసినప్పుడు కూడా దాని ఆయుష్షు రాసేవాళ్ళు. ఎల్.డిస్ అంటే ఏడాది తర్వాత చింపెయ్యొచ్చు. డి.డిస్ అంటే పదేళ్ళు ఉంచాలి. ఆర్.డిస్ అంటే కలకాలం. మా దరఖాస్తులకి ఆర్.డిస్ యోగం ఎక్కడ పట్టేది గానీ, ఎల్.డిస్ అయినట్టు మాకు తెలిసేది. తెలిస్తే ఆ రాత్రి అన్నం సయించేది కాదు, మర్నాడు ఇంకో దరఖాస్తు టైపు చేయించుకునేవాళ్ళం.

ఇలా రాసుకుంటూ పోతే ఇదేదో ధర్మరాజ్యంలా వినిపిస్తోంది. కాదు. రిజిస్టరు ఉంది కనక అడిగే వీలుంది, అంతే. అడగడం మళ్ళీ వేరే విద్య. దానికి బడి లేదు, మా పెద్దనాన్న నాకు నేర్పాడు, ఆయనకి ఎవరు నేర్పారో!

సోమవారం పొద్దున వెళ్ళకూడదు. ఆదివారం పేరుకున్న తపాలంతా ఆరోజే విప్పుతారు, ఎవడి మొహం ఎవడూ చూడడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి సగం కుర్చీలు ఖాళీ. ఒకటో తారీఖున జీతాల సందడి. మార్చి నెలలో బడ్జెట్ మురిగిపోతుందన్న కంగారులో ఉంటారు కాబట్టి ఆ గుమ్మం తొక్కనే వద్దు. మంచి వేళ ఏదంటే మధ్యాహ్నం మూడు. భోజనం అరిగి, చాయ్ ఇంకా రాని సమయం. ముందు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరుకి నమస్తే పెట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఆ స్టూలు చూసి పుట్టిందేమో అని నా అనుమానం. ఆయన లోపలికి పొమ్మన్నాక గుమాస్తా తలెత్తేదాకా నిలబడాలి. అప్పుడు చేతిలో చీటీ పెట్టాలి. చీటీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ. అవి లేకుండా పోతే పోయిన పని కాదు.

ఇక అడిగే మాట. "నా నౌకరీ ఏమైంది సార్?" అంటే "నాకేం తెలుసు, పెద్దసారునడుగు" అని వస్తుంది. నౌకరీ ఇచ్చే అధికారం గుమాస్తాకి లేదు కదా, చిరాకు పడతాడు. "మా కాగితం ఎందాకా వచ్చింది సార్?" అనాలి. కాగితం ఎక్కడుందో చెప్పడం ఆయన డ్యూటీ. రిజిస్టరు తీస్తాడు, వేలు తడి చేసుకుంటాడు, పేజీలు తిప్పుతాడు. "సర్క్యులేషన్లో ఉంది." "పెద్దసారు టేబుల్ మీదకి పోయింది." "కొత్త పోస్టుల మీద బ్యాన్ ఉంది, ఎత్తేసినాక చూద్దాం." "నీ లోకల్ సర్టిఫికెట్ సరిగ్గా లేదు, మళ్ళీ తెచ్చుకో." ఈ ఆఖరి మాట మహా విలువైనది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక స్థానికులెవరు, స్థానికేతరులెవరు అని తేల్చే సర్టిఫికెట్లు అదనంగా తోడయ్యాయి. ఎంతోమంది అప్లికేషన్లు ఒక తహసీల్దారు ముద్ర సరిగ్గా పడక ఆగిపోయేవి. అడిగినవాడికి తెలిసేది, సరిచేసుకునేవాడు. అడగనివాడు ఊళ్ళో కూర్చుని పోస్ట్‌మన్ కోసం చూసేవాడు. అడగనిదే అమ్మయినా పెట్టదని ఊరికే అన్నారా!

పోస్ట్‌మన్ అంటే గుర్తొచ్చింది. దరఖాస్తుతోపాటు సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు జత చెయ్యమని ప్రకటనల్లో వేసేవాళ్ళు. జీపీవో మెట్ల మీద కూర్చుని ఆ కవరు మీద నా పేరు నేనే రాసుకునేవాణ్ణి. ఫీజుకి పోస్టల్ ఆర్డరు కొని, దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, అంతా కలిపి రిజిస్టర్డ్ పోస్టులో పడేసి, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు కట్టేవాళ్ళం. డబ్బు తక్కువైనప్పుడు సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్. పోస్టాఫీసువాళ్ళు ఒక చీటీ మీద ముద్ర గుద్ది ఇచ్చేవాళ్ళు, ఫలానా రోజు ఫలానావారికి ఉత్తరం పంపాడనడానికి సాక్ష్యం. దాన్ని 2011లో ఎత్తేశారు. రిజిస్టర్డ్ పోస్టుని మొన్న 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. సరే, ఉత్తరాలు రాసేవాళ్ళే లేనప్పుడు పోస్టాఫీసునని ఏం లాభం.

ఆ సొంత కవరు మాత్రం నేను మరిచిపోలేను. కొన్నాళ్ళకి పోస్ట్‌మన్ మన చేతిరాతే మనకి తెచ్చి ఇస్తాడు. చేతిలోకి తీసుకోగానే బరువు చూసేవాళ్ళం. మందంగా ఉంటే ఫారాలు, ఇంటర్వ్యూ కాగితాలు. పల్చగా ఉంటే సైక్లోస్టైల్ చేసిన ఒక చిన్న చీటీ, మీ పేరు పరిశీలనలోకి తీసుకోలేకపోయామని. ఆ చీటీకీ కింద ఒక సంతకం ఉండేది. లేదు అని చెప్పడానికి ఎవరో ఒకరు కలం పట్టుకున్నారన్నమాట. ఇప్పుడు వచ్చే మెయిలు కింద దీనికి జవాబు రాయవద్దు అని ఉంటుంది. ఉత్తరం రాసినవాడు నువ్వు తిరిగి రాయొద్దని ముందే చెప్పడం ఎక్కడి మర్యాద?

అబిడ్స్ పద్ధతి వేరు. అక్కడ రిజిస్టర్లు, సీట్లు లేవు. సేఠ్ ఉంటాడు, గల్లా ఉంటుంది. బట్టల షాపుల్లో లెక్కలు రాసేవాళ్ళు కావాలి, మందుల కంపెనీలకి రెప్పులు కావాలి, ట్రావెల్స్‌వాళ్ళకి టైపు వచ్చినవాళ్ళు కావాలి. పేపర్లో చిన్న ప్రకటన, బాక్స్ నంబరు. కాగితం పంపి ఊరుకుంటే రాదు. షాపు తెరిచి, అగరొత్తులు వెలిగించి, బోణీ అయ్యాక వెళ్ళాలి. బోణీ కాకముందు వెళ్ళి ఏదైనా అడగడం మహాపాపం. ఒక సేఠ్ నన్ను కింది నుంచి పైకి చూసి, కూడికలు చేయించి, "కల్ సే ఆజావ్" అన్నాడు. జీతం సంగతి అడిగితే "పహలే కామ్ దేఖేంగే" అన్నాడు. ఇంకొకాయన "నై హోతా, జావ్" అన్నాడు. రెండూ నిమిషాల్లో తేలిపోయాయి. రెండో షాపు నుంచి బయటికొచ్చి ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ తాగి పక్క షాపుకి పోయాం. "జావ్" అన్నందుకు ఆ సేఠ్ మీద నాకు ఏ కోశానా కోపం లేదు. నా మధ్యాహ్నం మిగిల్చాడు.

రిమైండర్ల సంగతి కూడా చెప్పాలి. నాంపల్లి కోర్టుల దగ్గర చెట్ల కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వకాలత్‌నామాలు, అఫిడవిట్ల మధ్యలో మా రిమైండర్లు కొట్టిపెట్టేవాళ్ళు. వాళ్ళకి ఇంగ్లిషు మర్యాదలన్నీ కంఠతా. ఎక్కడ వేడుకోవాలో, ఎక్కడ కాస్త గట్టిగా రాయాలో మనకన్నా వాళ్ళకే తెలుసు. కింద కార్బన్ పెట్టించి ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. మూడో రిమైండరులో మొదటి రెండింటి తేదీలూ వేస్తే చదివేవాడికి కాస్త సిగ్గు పుడుతుందని టైపిస్టు ఉపదేశం.

మా కాలం అంత గొప్పదైతే మరి సిఫార్సులు, చాయ్‌పానీలు లేవా అని మా కోడలు అడుగుతుంది. ఎందుకు లేవు? పుష్కలంగా ఉండేవి. నాంపల్లిలోనే ఒక ఆఫీసులో నా కాగితం ఏకంగా మాయమైంది. రిజిస్టరులో నంబరుంది, కాగితం లేదు. మా తర్వాత దరఖాస్తు పెట్టినవాడు మా కళ్ళ ముందే చేరిపోయాడు. అడగడానికి వీలుండటం కూడా పట్నంలో ఉన్నవాడికే. ఆదిలాబాదు నుంచి వచ్చి అడగాలంటే బస్సు చార్జీ, రాత్రి పడుకోవడానికి చోటు, మర్నాడు రమ్మంటే మళ్ళీ ఖర్చు. ఆడపిల్లలైతే ఆ మగ గుంపులో నిలబడి అడగడమే కష్టం, తోడుగా అన్నో తమ్ముడో రావాలి. ఈ రోజు ఉట్నూరులో కూర్చున్న పిల్ల ఫోన్లోనే దరఖాస్తు పెట్టేస్తోంది, అది మంచిదే. కాదనడానికి నాకేం పిచ్చా? పెట్టడం సులువు చేశారు. పెట్టాక దాని గతేమిటో తెలుసుకునే దారి కూడా అంతే సులువు చెయ్యాలిగా. ఒకటి చేసి రెండోది ఎగ్గొట్టారు. ఇక సిఫార్సు ఎక్కడికీ పోలేదు. దానికి రెఫరల్ అని పేరు పెట్టి, చేసినవాడికి కంపెనీయే బోనస్ ఇస్తోంది. మా కాలంలో కనీసం చాటుగా చేసేవాళ్ళు.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. మూడేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి, మరిచిపోతే సీనియారిటీ గోవిందా. పెళ్ళి రోజు మరిచిపోయినా రెన్యూవల్ తేదీ మరిచిపోయేవాళ్ళం కాదు. ఖాళీలను ఎక్స్ఛేంజికి విధిగా తెలపాలని 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలకి కూడా అది వర్తించేది. దాని కింద 1960లో వచ్చిన రూల్సులో ఒక ముక్క ఉంది, చాలామందికి తెలియదు. ఎంపిక జరిగిన 15 రోజుల్లోగా ఫలితం ఎక్స్ఛేంజికి తెలియజెయ్యాలని. పాటించినవాళ్ళు ఎంతమందన్నది వేరే కథ. అయినా ఎవరికో ఒకరికి చెప్పాల్సిన బాధ్యత ఉందని ఆ రోజుల్లో కాగితం మీదైనా ఒప్పుకున్నారు. తర్వాత 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు కేసే సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎక్స్ఛేంజి పంపినవాళ్ళనే పిలిస్తే చాలదు, పేపర్లలోనూ ప్రకటించి, వచ్చినవాళ్ళందరినీ పరిశీలించాలని కోర్టు చెప్పింది. న్యాయమే. దాంతో ఎక్స్ఛేంజి కార్డు విలువ మాత్రం పలచబడింది. ఆ 1959 చట్టం కూడా ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది.

మా మనవడి బాధ చూడలేక ఒకరోజు నేనే బయల్దేరాను. వాడు వద్దన్నాడు. "అట్ల పోతే డెస్పరేట్ అనుకుంటరు తాతా" అన్నాడు. పని కావాలని అడిగితే గతిలేనివాడు అనుకుంటారట. పని కావాలి కనకే కదా దరఖాస్తు పెట్టింది! నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా పోయాను. అద్దాల మేడ, ముందు గేటు. మా పాత పద్ధతిలోనే సెక్యూరిటీ అబ్బాయికి ముందు నమస్తే పెట్టాను. మంచివాడు, మహబూబ్‌నగర్ వైపు యాస. ఎవర్ని కలవాలన్నాడు. హెచ్చార్ అన్నాను. పేరు చెప్పమన్నాడు. పేరు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను నాయనా అన్నాను. అపాయింట్‌మెంట్ మెయిల్ ఉందా అన్నాడు. లేదు, ఈ కాగితం లోపలికి ఇయ్యి, ముద్ర వేసి ఒక ప్రతి నాకియ్యి అన్నాను. "ఇక్కడ కాగితాలు తీస్కోరు అంకుల్" అని గోడ మీద నలుపు తెలుపు గళ్ళ స్టిక్కరు చూపించి స్కాన్ చెయ్యమన్నాడు. స్కాన్ చేస్తే మా వాడు రోజూ బొటనవేలితో నొక్కే పేజీయే తెరుచుకుంది. పైగా "నేను గూడ ఏజెన్సీ తరఫున వచ్చినోన్నే, నాకే లోపల ఎవరు తెల్వదు" అన్నాడు. నిజమే చెప్పాడు.

కంపెనీలవాళ్ళని అడిగితే ఏమంటారో నాకు తెలుసు. ఒక్క పోస్టుకి వేలమంది పెడుతున్నారు, అందరికీ జవాబు రాయడం ఎలా కుదురుతుందని. ఇదే నాకు మింగుడుపడనిది. వేల దరఖాస్తులని క్షణాల్లో జల్లెడపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది మీ దగ్గర. జల్లెడలో పడిపోయిన పేర్లు దానికి తెలుసు. ఆ పేర్లకి లేదు అని ఒక్క ముక్క పంపడానికి దానికి చేతులు నొస్తాయా? మా ఎల్డీసీ గుమాస్తా సైక్లోస్టైల్ మిషను తిప్పి, కవర్లు అంటించి, డిస్పాచ్ రిజిస్టరులో ఒక్కొక్కటీ ఎక్కించి పంపేవాడు. చొక్కా నిండా సిరా.

సర్కారు సంగతి ఇంకో రకం. ప్రతిభా భవన్, నాంపల్లి. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీపీఎస్సీ, 2014 నుంచి టీఎస్‌పీఎస్సీ, ఇప్పుడు టీజీపీఎస్సీ. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే 3.80 లక్షల మంది పెట్టారు. ఆ అక్టోబర్ 16న ప్రిలిమ్స్ అయింది. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది వేశారు, మెయిన్స్ అక్టోబర్‌లో. ఆ తర్వాత మళ్ళీ కేసులు, తీర్పులు, అప్పీళ్ళు. మేము గుమాస్తా బల్ల ముందు నిలబడి కాగితం ఎందాకా వచ్చిందని అడిగాం. ఈ పిల్లలు వకీలుని పెట్టుకుని హైకోర్టులో అడుగుతున్నారు. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే కుర్రాడికి గ్రూప్-1 సిలబస్‌తోపాటు రిట్ పిటిషన్, డివిజన్ బెంచ్ కూడా కంఠస్థం. ఆ భవనం ముందు బారికేడ్లు చూసినప్పుడల్లా మా స్టూలు మీది అటెండరు ఎంత నయమో అనిపిస్తుంది.

పక్షపాతం లేకుండా చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. సర్కారు పరీక్షల్లో ఒక విషయం మా కాలం కన్నా ఎంతో మెరుగు. మాకు మార్కులెన్నో చచ్చినా తెలిసేవి కావు. ఇప్పుడు కీ విడుదల చేస్తున్నారు, అభ్యంతరాలు తీసుకుంటున్నారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. పరీక్ష రాసినవాడికి తన జవాబు పత్రం చూసుకునే హక్కుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. జవాబు రాకపోతే పోవాల్సిన సమాచార కమిషన్ కూడా మొజంజాహీ మార్కెట్ దగ్గరే, సమాచార హక్కు భవన్‌లో. అంటే మేము చెప్పులరిగేలా తిరిగిన దారిలోనే. సంతోషం. కానీ ఆ చట్టం అద్దాల మేడ గేటు దాకా రాదు. ప్రైవేటు కంపెనీ నీ దరఖాస్తుని ఏం చేసిందో చెప్పక్కర్లేదు.

ఇలా ఎవరూ పలకకపోతే పలికేవాళ్ళు వేరే వస్తారు. మా వీధిలో ఒకమ్మాయికి అలాగే వచ్చింది ఫోను. మీ రెజ్యూమె షార్ట్‌లిస్ట్ అయిందమ్మా, వెరిఫికేషన్‌కి కాస్త డిపాజిట్ కట్టండి, తిరిగి ఇచ్చేస్తాం అని. ఎంత మర్యాదగా మాట్లాడాడట! ప్రతి మెసేజికీ నిమిషంలో జవాబు, ఆఫర్ లెటరు మీద ముద్ర, సంతకం. నెలల తరబడి ఒక్క మనిషి గొంతు వినని పిల్లకి అంత ఆదరణ దొరికితే కట్టకుండా ఉంటుందా? కట్టింది. ఆ తర్వాత 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు. పిల్లల అత్యాశ అంటూ ఇంట్లోవాళ్ళు చీవాట్లు పెట్టారు గానీ, నాకు ఆ మోసగాడి కన్నా ఉలుకూ పలుకూ లేని అసలు కంపెనీల మీదే ఎక్కువ మండింది. వాళ్ళు వదిలేసిన కుర్చీలో వీడొచ్చి కూర్చున్నాడు.

కెనడాలో మా మేనల్లుడి కుటుంబం ఉంది, టొరంటో దగ్గర. అక్కడ ఒంటారియో ప్రభుత్వం 2026 జనవరి 1 నుంచి ఒక రూలు అమల్లోకి తెచ్చింది. 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఎవర్నైనా ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా నిర్ణయం అయిందో లేదో వాళ్ళకి చెప్పి తీరాలి. దరఖాస్తుల్ని వడకట్టడానికి కృత్రిమ మేధ వాడుతుంటే ప్రకటనలోనే చెప్పాలి. అసలు ఖాళీ ఉందో లేదో కూడా చెప్పాలి. ఖాళీ లేకుండానే ప్రకటనలు వేస్తారని నాకు అప్పుడే తెలిసింది. మా సేఠ్‌లకి ఆ తెలివి లేదు, పేపరులో ప్రకటనకి డబ్బు కట్టాలి కదా. ఇంటర్వ్యూ దాకా పోనివాడికి ఆ రూలు పనికిరాదు. అయినా ఏమీ లేనిదానికన్నా నయం.

మన దగ్గరెందుకు రాకూడదు అలాంటి రూలు? చట్టం చేసేవాళ్ళు దూరమేం లేరు, పబ్లిక్ గార్డెన్స్ పక్కనే అసెంబ్లీ. నాంపల్లి స్టేషను నుంచి నడిచిపోవచ్చు. నా దగ్గర ఇంకా తెల్ల కాగితాలు, కార్బన్ ఉన్నాయి. మా ఎమ్మెల్యే గారికి ఒక అర్జీ రాద్దామని కూర్చున్నాను. తేదీ వేసి, విషయం అని రాసి, కింద గీత కూడా గీశాను. మా మనవడు భుజం మీదుగా తొంగిచూశాడు.

"కాగితం ఎవరు చూస్తరు తాతా? గ్రీవెన్స్ పోర్టల్ ఉంది, అందుల పెట్టు. టికెట్ నంబర్ వస్తది."

"వచ్చినాక?"

"అండర్ ప్రాసెస్ అని చూపిస్తది."